కాజిమీర్ కొండకి పెట్టిన రాయి

కొండ కదులుతోంది, చీకటి పడేలోపు ఊరు ఖాళీ చెయ్యాలని అధికారులు పొద్దున్నే చెప్పి వెళ్ళారు. ఆవుల్ని హెలికాప్టర్లో కిందికి దించేశారు. ఇక మిగిలింది మనుషులు, మనిషికో సంచీ. బస్సు కోసం జనమంతా ఫిలోమినా వైన్ కొట్టు అరుగు మీద చేరారు. పీపాలు మోసుకుపోవడం కుదరదు కదా, "తాగండర్రా, మిగిలింది కొండ తాగుతుంది" అంటూ ఆవిడ అందరికీ పోసేస్తోంది. అలాంటి వేళైనా కోతలరాయుడు కాజిమీర్ నోరు ఊరుకుంటుందా? ఊరుకోదు.

లుద్వినాకి ఆ కోతలు వినే ఓపిక లేదు. వాళ్ళ నాన్న తెయోదుల్ పక్కనే కూచున్నాడు గానీ సంచీ సర్దుకోలేదు, ఆవిడ తెచ్చిన బూట్లు కూడా తొడుక్కోలేదు. "నేను రానే. నన్నిక్కడే వదిలెయ్" అని పొద్దుట్నుంచీ ఒకటే పాట. ఎత్తుకుపోదామా అంటే ఆ ఒళ్ళు నలుగురు పట్టినా లేవదు. కన్నతండ్రిని కొండ కింద వదిలేసి బస్సెక్కితే ఇక ఆ బతుకెందుకు?

"మొదట చిన్న రాయేనర్రా," అంటున్నాడు కాజిమీర్. "జున్ను చక్రమంత ఉంటుందేమో. నేనప్పుడు పైన గడ్డి మైదానంలో ఆవుల్ని కాస్తున్నా. దొర్లుకుంటూ వచ్చింది. కాలడ్డం పెట్టా. ఆగింది. అందులో గొప్పేముంది, ఎవడైనా ఆపుతాడు."

"ఆపడు, కాలిరగ్గొట్టుకుంటాడు," అన్నాడు జున్ను చేసే మైన్రాద్.

"అది నీ కాలు సంగతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని వెనకాలే వాళ్ళమ్మ దిగింది! మన చర్చి అంత రాయి. ఏం చెయ్యను, వీపు ఆనించా. ఆనించి, జేబులోంచి ఎండుమాంసం తీసి కోసుకు తింటూ నిలబడ్డా, ఎందుకంటే ఖాళీ కడుపుతో బరువు మొయ్యకూడదని మా తాత చెప్పాడు, ఆయన కథ ఇంకా పెద్దది, అది వేరే సంగతి. అలా నిలబడగా నిలబడగా పాపం ఆ రాయికే అలుపొచ్చి నా వీపు మీద కునుకు తీసింది."

"గురక పెట్టిందా?"

"పెట్టదూ! అవతలి లోయలో పిల్లలు జడుసుకున్నారు. అంతలో కొండకే కోపమొచ్చింది. నా పిల్లనే ఆపుతావుట్రా అని మొత్తం కొండ వంగి మీదికొచ్చింది. అప్పుడు నా బరోనా లేదూ…"

"ఆవుల పోట్లాట పోటీల్లో గెలిచిన నీ ఆవేనా?"

"అదే! కొమ్ములు ఆనించి నిలబడింది. కొండని అది తోస్తోంది, దాన్ని నేను తోస్తున్నా. కొండ వెనక్కి, వెనక్కి! అవతలివాళ్ళు ఇళ్ళలోంచి పరిగెత్తుకొచ్చి, బాబ్బాబు, మా వైపు నెట్టొద్దు అని ఒకటే ఏడుపు. సరే, ఇరుగుపొరుగు కదా అని ఆపి, ధాన్యం కొట్టు కాళ్ళ మీద ఎలకలెక్కకుండా పెడతామే గుండ్రాయి, అదొకటి ఊడబీకి కొండ కింద దిగ్గొట్టా. ఇవాళ్టికీ కొండ దాని మీదే కూచుంది."

"ఎవరి ధాన్యం కొట్టుదిరా ఆ రాయి?" అడిగాడు మైన్రాద్.

"మీదే. మీ కొట్లో అన్ని ఎలకలు మరి ఊరికే వచ్చాయా?"

అరుగంతా ఘొల్లుమంది. లుద్వినాకి కూడా నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళనీళ్ళు కారిపోయాయి. పైన ఎక్కడో గడగడమని రాళ్ళు జారాయి, చర్చి వెనక దుమ్ము లేచింది. అందరూ అటు తిరిగారు.

"ఏయ్, కూచో!" అని కొండని గదిమాడు కాజిమీర్. చప్పుడు ఆగింది. "చూశారా? నా మాట వింటుంది."

అప్పటిదాకా తల ఎత్తని తెయోదుల్ అడిగాడు. "కాజిమీర్, ఆ రాయి ఇంకా గట్టిగానే ఉందంటావా?"

"గట్టిగానా? నువ్వెళ్ళి హాయిగా పడుకో. నేనుండగా అది అడుగు వెయ్యదు."

"విన్నావుటే? నువ్వు బస్సెక్కు. నేనింటికి పోతా."

లుద్వినా లేచి కాజిమీర్ ముందు నిలబడింది. "కాజిమీర్ బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇది వేళాకోళం కాదు. ఆయన నమ్ముతున్నాడు!"

కాజిమీర్ ఆవిడ వైపు చూడలేదు. నోరు మాత్రం ఆగలేదు. "నమ్మక? వీపు ఆనించి ఆపినవాణ్ణి నేను…"

చర్చికి తాళం వేసి వచ్చిన ఓస్వాల్ద్ ఇందాకట్నుంచీ మెట్ల దగ్గర నిలబడి వింటున్నాడు. చర్చి పనులన్నీ చూసేది ఆయనే.

"అయితే కాజిమీర్," అన్నాడు, "మీ ఆవిడ సమాధి మీద సిలువ ఎందుకు పీక్కొచ్చావు?"

"పొద్దున్నే వెళ్ళి తవ్వావు, నేను చూశా. నీ సంచీలోంచి పొడుచుకొస్తున్నది అదే కదా? కొండ ఆగుతుందని నీకంత నమ్మకముంటే ఆ సిలువని దాని చోట ఉంచొచ్చుగా?"

కాజిమీర్ సంచీని కాళ్ళ మధ్యకి లాక్కున్నాడు. "రంగు వేయిద్దామని…" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "తుప్పు పట్టింది, అందుకని…" అని అక్కడితో ఆగిపోయి, ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

తెయోదుల్ ఆ సంచీని తేరిపార చూశాడు. తర్వాత కాళ్ళు ముందుకు చాపాడు. "బూట్లు తొడగవే," అన్నాడు కూతురితో.

పొద్దుట్నుంచీ లుద్వినా బతిమాలింది ఆ ఒక్క మాట కోసమే. మోకాళ్ళ మీద కూచుని తాళ్ళు కట్టడం మొదలుపెట్టింది. ఇంకో కోత కొయ్యి బాబాయ్, ఏదో ఒకటి చెప్పు, అని అరవాలనిపించింది. ఊరు నిజంగానే పోతోందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

కింద మలుపు దగ్గర బస్సు హారన్ కొట్టింది.

"కాస్త ఆగమను," అని తెయోదుల్ లేచాడు. "కాజిమీర్, ఏడవకు. పార ఎక్కడ పెట్టావు? మా ఆవిడ సిలువ కూడా తీసుకోవాలి."