తెల్లవే కదా

ఒళ్లో పాలు తాగుతున్న పసిపాపతో కోడలు. ఎదురుగా ఉతికిన గుడ్డలు మడతపెడుతూ, నోటికి మాత్రం విశ్రాంతి ఇవ్వని అత్తగారు.

"మళ్లీ మింగావా? చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని మళ్లీ మింగావా?"

"మింగాను అత్తయ్యా. రోజూ మింగేదే."

"ఆ విషమంతా పాలల్లోకి దిగదూ? నువ్వు తల్లివా, మందులకొట్టువా?"

"దిగేది రవ్వంత. పాప మరీ మత్తుగా ఉంటే చెప్పు, నీ అంతట నువ్వు మాత్రం మానొద్దని డాక్టరమ్మ..."

"అబ్బో, డాక్టరమ్మ! నిన్నగాక మొన్న పుట్టింది. నేను ముగ్గుర్ని కన్నాను. ఒక్క మాత్ర మింగానా?"

"మీకు ఫిట్స్ లేవుగా."

"నీకు మాత్రం ఉన్నాయా? కాపురానికొచ్చి మూడేళ్లు. ఒక్కసారైనా నా కంటబడ్డాయా?"

"మందు వేసుకుంటున్నాను కాబట్టే పడలేదు!"

"ఆహా, ఏం తెలివి! కడుపుతో ఉన్నప్పుడూ ఇదే పాట."

"పాప నిక్షేపంలా పుట్టిందిగా?"

"అదృష్టం."

"అదృష్టం కాదు. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరమ్మ మందు మార్చింది. అవునూ, మొన్న నా జలుబుకి పక్కింటావిడ తెచ్చిన పసరు గ్లాసుడు తాగించారే, అందులో ఏముందో అడిగారా?"

"ఆకుపసరు. దానికేం భయం?"

"ఆకులైతే పాలల్లోకి దిగవు కాబోలు!"

"ఎంత పొగరే నీకు! సరే విను. వారం నుంచి నువ్వు మింగుతున్నవేంటో తెలుసా? నా కాల్షియం మాత్రలు."

"ఏంటీ?"

"నీ సీసాలో అవే పోశాను. తెల్లవే కదా. ఏమైంది? గుండ్రాయిలా ఉన్నావు!"

"అందుకేనా, నోట్లో వేసుకుంటే సుద్దముక్కలా... మరి నావి?"

"కాలవలో కలిపేశాను."

"మీ అబ్బాయికి తెలుసా?"

"వాడికెందుకు? నువ్వు కూర్చోమంటే కూర్చునే రకం. చూశావా, ఇన్నాళ్లూ ఉత్త భయం. ఆ డాక్టరమ్మ మొహాన కొట్టినట్టు నిరూపించాను."

"అత్తయ్యా..."

"ఏం, ఇప్పుడు ఏడుపా?"

"అత్తయ్యా, ఆ గుడ్డలు వదిలేయండి."

"వదిలేసి? నీ కాళ్లు పట్టుకోనా?"

"పాపని పట్టుకోండి. త్వరగా. నా ఎడంచెయ్యి దానంతటదే కొట్టుకుంటోంది."