సుజనమ్మకు ఏమైంది?

జనార్ధన్ అబద్ధాలు చెప్పడని శామీర్‌పేటలో అందరూ ఒప్పుకుంటారు. ఉన్న నిజాన్నే కొంచెం సాగదీస్తాడు, అంతే. అది సాగి సాగి మధ్యలో పుటుక్కుమంటే ఆ లోపం నిజానిదే గాని ఆయనది కాదు.

ఆ సాయంత్రం మాత్రం ఆయన తారాబాయి చాయ్ దుకాణానికి భయం భయంగా వచ్చాడు. పదిహేను రోజులుగా తారాబాయి అడుగుతున్న ప్రశ్నకు జవాబు పొద్దున్నుంచీ ఆయన దగ్గరుంది. ఆ జవాబు రెండే ముక్కలు. సుజనమ్మ చచ్చిపోయింది.

సుజనమ్మ ఈ ఊరి మనిషి కాదు. అసలు మనిషే కాదు, కొరియా సీరియల్లో హీరోయిన్. అసలు పేరేదో నోరు తిరగనిది, తారాబాయి దాన్ని సుజనమ్మ చేసుకుంది. ఎక్కడో బస్టాండులో సూపు అమ్ముకునే పిల్ల. గయ్యాళి అత్త, ప్రేమించే పొడుగు డాక్టరు, ఒంట్లో ఏదో నెత్తురు జబ్బు. నాలుగు నెలలపాటు ప్రతి మధ్యాహ్నం మూడు గంటలకు, దుకాణంలో పంచదార డబ్బాల మధ్య ఉన్న చిన్న టీవీలో ఆ సీరియల్ వచ్చేది. ఆ గంటలో ఎవరైనా చాయ్ అడిగితే తారాబాయి చూసే చూపుకే వాళ్లకు వేడి తగిలేది. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతుంటే జనార్ధన్ వాటిని తెలుగు చేసి చదివేవాడు. ఆయన మొదటి మాట కూడబలుక్కునేలోపు అక్షరాలు మాయమయ్యేవి. మిగతాదంతా దేవుడి దయ, జనార్ధన్ కల్పన. అందుకే ఆ సీరియల్లో కొరియా అత్త కోడల్ని "నీ నోట్ల మన్నువడ" అని తిట్టేది.

ఇంకో మూడు రోజుల కథ ఉందనగా, కేబులాయన చెప్పా పెట్టకుండా ఆ ఛానెల్ తీసేసి, పొట్ట తగ్గించే బెల్టులు అమ్మే ఛానెల్ పెట్టాడు.

"నీకు నెట్ సెంటర్ ఉన్నది గద పటేలా, సుజనమ్మకు ఏమైందో జర కనుక్కోరాదు," అంది తారాబాయి. జనార్ధన్ కనుక్కున్నాడు. ఇప్పుడు చెప్పాలి.

బెంచీ మీద అప్పటికే ఇద్దరున్నారు. గౌడవెల్లి నుంచి ప్లాట్ల బేరాలకు తిరిగే గండయ్య ఒకరు. తూంకుంట కాలనీలో ఇల్లు కట్టుకున్న బ్యాంకు ఉద్యోగి కృష్ణారావు మరొకరు. భీమవరం వైపు మనిషి, ఏ మాటనైనా రసీదు లేకుండా నమ్మడు.

"జవాబొచ్చింది తారాబాయి," అన్నాడు జనార్ధన్, కూర్చుంటూ.

గరిటె ఆగింది. "ఏమైంది?"

"చెప్త, చెప్త. ముందుగాల ఎట్లొచ్చిందో ఇనాలె గద. గా కథ ఇనకుంటె ఈ కథ అర్థంగాదు. ముందే చెప్తున్న కృష్ణారావు సార్, నాకు ఇంగ్లీష్ రాదు. ఎనిమిదో తరగతిల అది నన్ను రెండుసార్లు తన్నింది, నేను దాన్ని ఒక్కసారి గూడ తన్నలె. అప్పటిసంది మాకిద్దరికి మాటల్లేవు. అయినా తారాబాయి అడిగింది గదా అని నెట్ల చూస్తి, చూస్తె గాడ ఒక సంఘమున్నది. కొరియా అంటె పాణమిచ్చెటోళ్ల సంఘం. మస్తు మంది ఉన్నరు, కని ఒక్కరు గూడ కొరియల ఉండరు! ఒకామె బహ్రేన్ల నర్సు, ఒకాయన పెరు దేశంల పంతులు, ఇంకోకామె నార్వే అని మంచుదేశం, గాడుంటది. వాళ్లకు గా పాటలు, గా బట్టలు, గా సీరియళ్లు, గా తిండంటె పిచ్చి. ఎవలికి ఏ కష్టమొచ్చినా 'సాయం కావాలె' అని ఒక పేజీ, గాడ రాస్తరు, తెలిసినోళ్లు చెప్తరు. పైస లేదు, పరిచయం లేదు. మన ఊర్ల పక్కింటోడు నిచ్చెన ఇయ్యడు సార్!"

"అది నిజవేనండీ," అన్నాడు కృష్ణారావు. కథలో ఆయన ఒప్పుకున్నది అదొక్కటే.

"నేను గూడ రాసిన. సుజనమ్మకు ఏమైంది, శామీర్‌పేటల ఒకామె పరేషాన్ అయితాంది, అని. రాసి ఊకుండొచ్చు గద? ఊకుంటనా? పైన చూస్తె గా నార్వే ఆమె ఏడుస్తాంది. క్యాబేజీతోని కొరియా పచ్చడి పెట్టిందట, బూజు పట్టిందట, మూడుసార్లు పెడితె మూడుసార్లు పట్టిందట. అరె, పచ్చడి సంగతి మనకు జెప్పాల్నా? మా అవ్వ జాడీ ముట్టుకుంటె బూజు దండం పెట్టి ఎల్లిపోయేది. ఎంటనే రాసిన, బిడ్డా, తడి చెయ్యి పెట్టినవు. క్యాబేజీని ఆకు ఆకు ఇప్పి తెల్లబట్ట మీద మూడు దినాలు ఎండబెట్టు, నీళ్ల సుక్క తగలనీయకు, నిండ నూనె పొయ్యి, మూడోనాడు తిరగ కలుపు, అని."

"మా కొలీగ్ వాళ్ల అమ్మాయి చెప్పిందండీ," కృష్ణారావు అడ్డం వచ్చాడు. "ఆ పచ్చడి ఉప్పునీళ్లలోనే ఊరాలంట. నూనె చుక్క వెయ్యరంట."

"గదే గద సార్ నేను జేసిన తప్పు! నేను అడగలె, గామె జెప్పలె. తప్పు మీద తప్పు పడితె ఏమైందో తెలుసా? నార్వేల ఆరు నెల్లు ఎండనే ఉండదు. గామె ఏం జేసింది, గండయ్యా, ఇంట్ల ఉన్న బల్బులన్ని మంచం మీద కట్టి క్యాబేజీ ఎండబెట్టింది. గా ఎలుగు జూసి ఊరోళ్లు సూర్యుడొచ్చిండనుకోని స్వెటర్లిప్పి బయటికొచ్చిండ్రు. వచ్చినోళ్లకు తలా ఇంత పచ్చడి పెట్టింది. గంతే! తిన్నోడు కదలడు. లైను కట్టిండ్రు. లైను ఎంత పొడుగనుకున్నవు? మనకు ఈడికెల్లి మేడ్చల్ దాక!"

"మేడ్చల్ల యాడి దాక, డిపో దాకనా, చెక్‌పోస్ట్ దాకనా?" అన్నాడు గండయ్య. భూముల బేరగాడికి హద్దులు కావాలి.

"డిపో దాటి."

"పటేలా," అంది తారాబాయి, "సుజనమ్మకు ఏమైంది?"

జనార్ధన్ ఆమె మీద నుంచి చూపు కృష్ణారావు వైపు తిప్పుకున్నాడు. 

"గాడికే వస్తున్న. గా వాసన పొయ్యి పొయ్యి కొరియాకు తగిలింది. తగిలెటాళ్లకు గాడి ముసలమ్మలు, పచ్చళ్లు పెట్టెటోళ్లల్ల పెద్దోళ్లు, పన్నెండు మంది, లేశి నిలబడ్డరు. మా తాతల నాటి పచ్చడికి నూనె పోసినోడు ఎవడు? శామీర్‌పేట జనార్ధన్! పట్టుకోండ్రి! హెలికాప్టర్ ఎక్కి వచ్చిండ్రు సార్. యాడ దిగాలె? మన చెరువుల దిగిండ్రు. గది దిగిన ఊపుకు చెరువు నీళ్లన్ని ఎగిరి గౌడవెల్లి పొలాలల్ల పడ్డయి."

"మా పొలానికైతె రాలె," అన్నాడు గండయ్య.

"నువ్వు ఆనాడు రిజిస్ట్రేషన్ ఆఫీసుల కూసుంటివి, నీకేమెరుక? దిగినంక, వాళ్ల పద్ధతి తెలుసు గద, ఎవలు కనవడ్డా నడుం ఒంచి దండం బెడ్తరు. ముందుగాల కనవడ్డయి జింకల పార్కుల జింకలు. ముసలమ్మలు ఒంగిండ్రు. పెద్దోళ్లు ఒంగినంక ఊకుంటయా? జింకలు గూడ ఒంగినయి. నమ్మకుంటె రేపు పొయ్యి సూడుండ్రి, ఇప్పటికి ఒంగే ఉన్నయి."

"అవి గడ్డి మేస్తున్నాయండీ జనార్ధన్ గారూ!"

"గడ్డి ఒట్టి బహానా సార్. దండం దండమే."

కృష్ణారావుకు పొలమారింది. గండయ్య వీపు మీద చరిచాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. జనార్ధన్ ఆ నవ్వును ఊతకర్రలా పట్టుకుని ముందుకు నడిచాడు. ఆగితే ఎక్కడ పడతాడో ఆయనకు తెలుసు.

"మరి నిన్ను పట్టుకున్నరా?" గండయ్య అడిగాడు.

"పట్టుకుందామనే వచ్చిండ్రు. ముందుగాల మా మనోరమ అన్నం పెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మామిడికాయ తొక్కు ఏసుకోని నాలుగో ముద్దకు ఏడ్సిండ్రు. ఏడ్సి, జనార్ధన్, నూనెల ఇంత మర్మమున్నదని మాకు తెల్వదు, నీకేం కావాల్నో కోరుకో, అన్నరు. నేను బంగారం అడిగిన్నా? భూమి అడిగిన్నా? అమ్మా, మా తారాబాయి దినాం పరేషాన్ అయితాంది, సుజనమ్మ సంగతి చెప్పుండ్రి, అన్న."

తారాబాయి పొయ్యి దగ్గర్నుంచి ఒక అడుగు ఇటు వేసింది. "చెప్పిండ్రా?"

ఇదే సమయం. చెప్పాలనే జనార్ధన్ నోరు తెరిచాడు. తీరా చూస్తే ఆమె కళ్లు ఆయన మీదే ఉన్నాయి. తెరిచిన నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"చెప్పుడేంది, గా సీరియల్ రాసెటాయనకే ఫోన్ కలిపిండ్రు! ఆయన నాతోని, జనార్ధన్ గారు, పిల్లకు రక్తం మార్చాలె, కొరియా మొత్తం పరీక్ష జేసినం, ఎవలిది కలుస్తలేదు, అన్నడు. నాది సూడుండ్రి అన్న. తీసిండ్రు. యాడ పొయ్యాలె? తారాబాయి, నీ చాయ్ ఫ్లాస్కు ఒక దినం కనవడకపాయె, యాదున్నదా? గా ఫ్లాస్కులనే. హెలికాప్టర్ల పెట్టుకపోయిండ్రు. గా రక్తం ఎక్కిందో లేదో, గండయ్యా, సుజనమ్మ లేశి కూసున్నది. కూసోని, ఆకలైతాంది అన్నది. పొడుగు డాక్టరు ఎగిరి గంతేసిండు, తల పైకప్పుకు తగిలింది, ఆయనకే కుట్లు పడ్డయి. పిల్ల బస్టాండుకు ఉరికి సూపు పొయ్యి ముట్టిచ్చింది. ఒక దుకాణం రెండాయె, రెండు ఇరువై ఆయె. సూపు తాగుతందుకు గా కొరియా సిపాయిలు ఈ కొరియాకు, ఈ కొరియా సిపాయిలు గా కొరియాకు, తుపాకులు గోడకు ఆనిచ్చి ఒక్క బల్ల మీద కూసుంటున్నరు! సల్లగ కవలపిల్లలు పుట్టిండ్రు. పిలగాని పేరు జనార్ధన్, పిల్ల పేరు..."

"పోయిందా పటేలా?"

తారాబాయి గొంతు పెంచలేదు. స్టవ్ కూడా ఆర్పేసిందేమో, ఆ మాట రోడ్డు మీద కరీంనగర్ బస్సు వెళ్తున్నా వినబడింది.

"ఎవలు?" అన్నాడు జనార్ధన్, ఎవరో తెలిసే.

"సుజనమ్మ. పోయింది గద."

కృష్ణారావు నవ్వు గ్లాసులోకి దించుకున్నాడు.

"బతికుంటె 'బతికింది' అని ఒక్క మాట జెప్పి, చాయ్ అడుగుదువు," అంది తారాబాయి. "మా ఆయన పోయిన్నాడు గూడ గిట్లనే. కంపెనీ కాడికెల్లి ఫోన్ జేసి 'జర సీరియస్ ఉన్నది, రా' అన్నరు. మన దిక్కు పోయినోళ్లందరు ముందుగాల సీరియస్సే గద. ఆటోల ఈ గండన్న నా పక్కన కూసున్నడు. పట్నం దాక మాట్లాడుతనే ఉన్నడు. పెద్ద డాక్టరొచ్చిండు, బొంబాయికెల్లి మందు తెప్పిస్తున్నరు, రేపటికి లేశి కూసుంటడు... ఎన్నడు రెండు మాటలు కలిపి మాట్లాడనోడు గంతసేపు మాట్లాడిండంటె, నాకు అల్వాల్ కాడనే తెలిసిపాయె. తెలిసి గూడ ఊ కొట్టిన. ఆయన చెప్పుతాండు గదా అని ఊ కొట్టుకుంట పోయిన. ఏడ్సుడు దవాఖాన దాక ఆపుకున్న."

గండయ్య తల ఎత్తలేదు. "నాకేం జెయ్యాల్నో తెల్వలె బిడ్డా," అన్నాడు చెప్పుల వైపు చూస్తూ.

"నిన్ను అంటలేనే అన్నా. మంచికే జేసినవు. కని ఏడుస్తందుకు గూడ ఎవలో తయారు జెయ్యాల్నా నన్ను?" ఆమె జనార్ధన్ వైపు తిరిగింది. "నువ్వు చదివినయి సగం నీ సొంతమే అని నాకు మొదటి దినమే తెలుసు పటేలా. వాళ్ల మూతులు ఆగిపోయినంక గూడ నువ్వు మాట్లాడుతుంటివి. మంచిగనే ఉండె, ఇన్న. ఇది మాత్రం కల్పియ్యకు. పోయిందా?"

"పోయింది," అన్నాడు జనార్ధన్.

ఆయన జీవితంలో చెప్పిన అతి చిన్న కథ అదే.

తారాబాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపని ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకాయన మోటారు సైకిల్ ఆపి "రెండు చాయ్" అనబోతే కృష్ణారావు చెయ్యి ఊపి పంపేశాడు. జనార్ధన్‌కు ఓదార్పు మాటలు కనీసం పాతిక తోచాయి. ఒక్కోటీ ముందు దానికన్నా బాగుంది. అన్నిటినీ పళ్ల వెనకే పట్టి ఉంచాడు. దవడలు నొప్పెట్టాయి.

చివరికి ఆమె కొంగు తీసి ముక్కు తుడుచుకుంది. "పోయెటప్పుడు పక్కన ఎవలున్నరు?"

డాక్టరున్నాడు అనవచ్చు. ఊరు ఊరంతా ఉందనవచ్చు. బస్టాండులో బస్సులన్నీ హారన్లు ఆపి నిలబడ్డాయని కూడా అనవచ్చు, అది చాలా బాగుంటుంది.

"తెల్వదు," అన్నాడు జనార్ధన్.

గండయ్యా కృష్ణారావూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట జనార్ధన్ నోట వినడం వాళ్లకు అదే మొదలు.

"మరి అడుగు."

"రేపు పొద్దుగాల సెంటర్ తీస్తనే..."

"ఇప్పుడే. పా, నేను గూడ వస్త."

"దుకాణమో?"

"గండన్న చూసుకుంటడు."

చాయ్ దుకాణం సాయంత్రం బేరం వేళ గండయ్య చేతిలో పడింది. ఆయన స్టవ్ వెలిగించి, పాల గిన్నెను వ్యవసాయ భూమిని చూసినట్టు చూశాడు. కృష్ణారావు లేచి వెళ్లి పంచదార డబ్బా ఏదో చూపించాడు.

రోడ్డు దాటితే నెట్ సెంటర్. తారాబాయి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. విడవద్దని జనార్ధన్ అన్నా వినలేదు. 'సాయం కావాలె' పేజీ తెరిచాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుని, పోస్టాఫీసులో ఉత్తరం రాయించుకునే మనిషిలా, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"రాయి. నా పేరు తారాబాయి. శామీర్‌పేటల చాయ్ అమ్ముత. సుజనమ్మ పోయిందని నాకు ఇయ్యాల తెలిసింది. పోయెటప్పుడు పక్కన ఎవలన్న ఉండెనా, ఒంటిగనే పోయిందా. చూసినోళ్లు జర చెప్పుండ్రి. ఎట్లున్నదో గట్లనే చెప్పుండ్రి. నేను ఓర్సుకుంట."

జనార్ధన్ రెండు వేళ్లతో, కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ ధాన్యంలో రాయిని వెతికినట్టు వెతికి కొట్టాడు. తెలియని మాట వచ్చినప్పుడల్లా సొరుగులోంచి పాత డిక్షనరీ తీసి చూశాడు. చాలాసేపు పట్టింది. ఆమె తొందర పెట్టలేదు.

"అయిపాయెనా?"

"అయిపాయె."

"నేను జెప్పిందే రాసినవా? ఏం గలపలె గద?"

జనార్ధన్ తెరను చూశాడు, వేళ్లను చూసుకున్నాడు.

"ఒక్కటి కలిపిన తారాబాయి. తీసేస్త."

"ఏంది?"

"నీ చాయ్ మంచిగుంటదని."

తారాబాయి ఆలోచించింది.

"అది ఉండనియ్యి," అంది.