ఏడో డాక్టరుకి చీటీ

కుట్టుమిషను ముందు కూర్చుని అక్క చెబుతుంటే, పక్కన స్టూలు మీద చెల్లెలు కాగితం పెట్టుకుని రాస్తోంది. రేపు అక్కను చూడబోయేది ఏడో డాక్టరు.

"ఆరుగురిదీ ఒకటే పాట. రిపోర్టులన్నీ బాగున్నాయమ్మా, మనసు కుదుటపరుచుకో అని. రిపోర్టులు బాగుంటే సరా, నేను బాగుండొద్దూ?"

"అందుకేగా, ఒక్కటీ వదలకుండా రాసిద్దామంటున్నా. మొదట ఎక్కడక్కా?"

"ఎడమచేతి చిటికెన వేలు. సూది దిగినా తెలీలేదు. జాకెట్టు గుడ్డ మీద నెత్తురు చూసి ఉలిక్కిపడ్డా."

"తర్వాత?"

"అరికాళ్లు. పొద్దున్నే నిప్పుల మీద నడిచినట్టుంటుంది. మీ బావకి నవ్వులాట. పని తప్పించుకోవడానికి భలే రోగం కనిపెట్టావే అంటాడు."

"మరి ఆ తుప్పు రుచి? నోట్లో ఎన్నాళ్లుంటుంది?"

"మూడు రోజులు ఉండి..."

అక్క మాట ఆపి చెల్లెలి వైపు తిరిగింది.

"ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదే! పిచ్చిదనుకుంటారని డాక్టర్ల దగ్గర కూడా దాచాను. నీకెలా తెలుసే?"

"ఊరికే... అడిగానక్కా."

"ఊరికేనా? నా మొహం చూసి చెప్పు."

చెల్లెలు తల ఎత్తలేదు. అక్క గుడ్డకు గుచ్చి ఉన్న సూదిని తీసింది.

"ఎడమ చెయ్యి ఇలా ఇవ్వు. కళ్లు మూసుకో."

"వద్దక్కా, భయమేస్తోంది."

"మూసుకోమన్నానా!"

చెల్లెలు కళ్లు గట్టిగా మూసుకుంది. చిటికెన వేలి మీద ఎర్రటి బొట్టు ఉబికి, కాగితం మీద రాలింది.

"ఇంకా గుచ్చవేం అక్కా?" అంది చెల్లెలు.