గాలి తీసిన డ్రైవరు

ఏమప్పా, నీ మోటారుసైకిలు టైరు నున్నగైంది, సూసుకోల్యా? మా అబ్రహామన్న ఉండింటే నిన్ను ఆడ్నే దింపుతాండె. ఎవరంటావా... ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సావుకారి బస్సొకటి తిరుగుతాండె, పందొమ్మిదొందల యాభై ఐదో ఆరో, ఆ కాలంలో. ఆయప్ప డ్రైవరు, నేను కండక్టరు. కౌతాళం పక్క కూలోళ్ళ ఇంట్లో పుట్టినాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. తెల్లారితే బస్సు కిందనే. చక్రం జాకీ మీదికెత్తి, బ్రేకు నట్టు తిప్పుతా, చెవి పెట్టి వింటాండె. బ్రేకు రాసుకున్న సద్దు రావల్ల, చక్రం మాత్రం బిగుసుకోగూడదు. నాలుగూ అయినాక పత్తిమిల్లు ముందర బయల్లో తోలి, టక్కున బ్రేకు తొక్కి, దిగి నేల మీద టైర్ల గీతలు సూసేది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే మళ్ళా కిందికే. ఆదివారం చర్చికి ఏసుకుపోయిన తెల్ల అంగీతోనే దూరేది. వాళ్ళింటామె మేరి, "ఆ బస్సునే పెండ్లి చేసుకోకపోతివా, నన్నెందుకు తెచ్చుకుంటివి" అంటాండె. అంటాదే గానీ, ఆ మరకలు పోగొట్టేకి సవుడు మన్ను పెట్టి ఉతికి ఉతికి... యాడికి పోతి నేను? ఆ, టైర్లు.

ఆ యేడు ముసురు పట్టింది. ఎనక టైర్లు గుండు మాదిరి అరిగిండె. రోడ్డు మీద నల్లరేగడి బురద, నూనె పోసినట్ల. అబ్రహామన్న సావుకారితో, "ఈపొద్దు బండి తియ్యను, కొత్త టైర్లు రానీ" అన్న్యాడు. "గాలి నిలుస్తాంది కదప్పా, ఇంకేం గావల్ల?" అన్న్యాడు సావుకారి. "గాలి నిలిస్తే సాలదు సావుకారీ, బండి నిలవల్ల." సావుకారికి కోపమొచ్చి, "నువ్వు గాకుంటే ఇంకోడు" అనె. ఈయప్ప ఇంజను తిప్పే హ్యాండిలు ఆయన చేతిలో పెట్టి ఇంటికి పోయినాడు. నరసప్ప అని ఇంకో డ్రైవరు తోలినాడు. నీళ్ళ వంక దిగేకాడ గొడ్లు అడ్డమొచ్చె, బ్రేకు తొక్కె, బస్సు జారుకుంటా పోయి వంకలో ఒరిగె. సావైతే లేదు. నా కాలిరిగింది. నేసేటోళ్ళ హులిగమ్మకు చెయ్యి ఇరిగింది. మగ్గమాడించి బతికే మనిషప్పా ఆమె.

ఆసుపత్రికి అబ్రహామన్న వచ్చినాడు. "నేను సెప్పల్యా?" అంటాడనుకుంటి. నా మంచం కాడ కూకొని, "మద్దిలేటీ, తప్పు నాదేరా. హ్యాండిలిచ్చి నా దావన నేను పోతి. చక్రాలకు గాలి తీసేసింటే అందరూ తిట్టి ఊరుకుందురు" అని కండ్లు తుడ్సుకున్న్యాడు. హులిగమ్మ ఆడ ఉన్నన్నాళ్ళూ మేరి సంగటి మోసుకొచ్చి తినిపించె.

సావుకారి కొత్త టైర్లేపిచ్చి, తానే ఇంటికొచ్చి పిలిస్తే మళ్ళా ఎక్కినాడు. ఆ పైన అనుమానమొస్తే మాటల్లేవు, కూకొని గాలి తీసేసేదే. ఒగసారి సావుకారి బిడ్డ పెండ్లి జనం ఎక్కి కూకుంటే, బ్రేకు పక్కకు గుంజుతాందని గాలి తీసేసినాడు. సావుకారి బామ్మర్దులు కొట్టేకొచ్చిరి. సావుకారే అడ్డం నిలబడి, "ఆయప్పని ముట్టొద్దండి, ముహూర్తం పోతే ఇంకోటి పెట్టుకుందాం" అన్న్యాడు.

ఎట్ల పోయినాడంటావా... యాభై తొమ్మిదిలో, బస్సు కిందనే. బస్సు పడల్యా మీద, గుండె ఆగిపోయె. బయటికి కాళ్ళు కనపడ్తాండె, పని చేస్తాండాడనుకుంటిమి. టైమైందని నేనే వంగి పిలిస్తి. పానా చేతిలోనే ఉండె. బస్సు నిండా జనం. ఒక్కొక్కరే దిగి, చెప్పులిడిసి నిలబడిరి. మూడు చక్రాలు సర్దిండె. నాలుగోది...

ఆ గొడుగు ఇట్లియ్యప్పా, ఎండ మీదికొచ్చె.