ఐదు లెక్కపెట్టించిన నకిబూలె గారు

1989 మార్చి 6వ తేదీ సోమవారం ఉదయం, జోరువానలో, చెప్పులు చేతపట్టుకుని, శ్రీమతి గోరెత్తి నకిబూలె గారు మసాకా పట్టణ శివారులోని మన ఆస్పత్రిలో నర్సుగా చేరారు. ఆమె సూది పట్టుకుని వస్తే పిల్లలు ఏడుపు మధ్యలో ఆపి చెయ్యి చాపేవారనీ, సరస్సులోని నీటిగుర్రాలు సైతం వరుసకట్టి నిలబడేవనీ ఈ వ్యాసకర్త అంటే, అందులో నీటిగుర్రాల సంగతి మాత్రమే అబద్ధం.

2011లో కంపాలా నుండి స్పీచ్ థెరపీ శిక్షణ ముగించుకుని వచ్చి, పాత మందుల కొట్టులో ఒక చాప, నాలుగు గిన్నెలతో మాటల చికిత్సా విభాగాన్ని ప్రారంభించారు. బిడ్డ తమ ఎదుట గడిపేది నెలకు అరగంట. తక్కిన కాలమంతా పెంచేవారి ఒడిలోనే గనుక, ఆ పెంచేవారికి నేర్పడమే అసలైన చికిత్స అని ఆమె విశ్వసించారు. ఆ నేర్పడంలోనే తప్పు చేశారు.

సన్మాన సంచికలో తప్పుల ప్రస్తావన శోభించదని మేము వారించాం. ఆమె వింటేనా? “లుబేగా సంగతి రాయకపోతే సన్మానం రోజు నేను కుర్చీలో కూర్చోను, పెద్దాయనా. నీ నీటిగుర్రాల్ని కూర్చోబెట్టుకో,” అన్నారు.

లుబేగాకు అప్పుడు మూడేళ్ళు. ఒక్క మాట లేదు. తల్లి పట్నంలో పనిచేస్తుండగా, పుట్టినప్పటి నుండి అమ్మమ్మ జజ్జా నాంపీమాయే పెంచుతోంది. “వాడికి కావలసింది ఎదురుగా పట్టుకో. మనసులో ఐదు లెక్కపెట్టు. అడిగితేనే ఇవ్వు,” అని నకిబూలె గారు చెప్పారు. “అలాగే, ముసావో,” అంది ముసలామె, ఆమెను డాక్టరమ్మగానే భావించి. తెల్లకోటు ముందు అర్థం కాలేదని అనేవారు మా ప్రాంతంలో ఎవరు? ఒక్కసారైనా గిన్నె ఆమె చేతికిచ్చి చేయించి చూడకుండానే, ‘గ్రహించినది’ అని నకిబూలె గారు నమోదు చేసుకున్నారు.

ఆ వారంలోనే, మండుటెండలో సొమ్మసిల్లిన లుబేగాను మోసుకొచ్చారు. పెదవులు పగిలి ఉన్నాయి.

“వాడు అడగలేదు, నేనివ్వలేదు,” అంది జజ్జా. “పొద్దుట్నుంచీ ఐదు లెక్కపెట్టా. మళ్ళీ ఐదు. వాడూ ఏడ్చాడు, నేనూ ఏడ్చా. రాక్షసివా అని పక్కింటిది తిడితే, ముసావో చెప్పింది, నీకేం తెలుసని తరిమేశా. ఐదు తరవాత ఏం చెయ్యాలో నువ్వు చెప్పలేదుగా, తల్లీ.”

అడగకపోతే పెద్దవాళ్ళే ‘నీళ్ళు’ అని పలికి గిన్నె ఇచ్చెయ్యాలి. ఆ చివరి మాటే నకిబూలె గారు చెప్పలేదు. తలెత్తలేకపోయారు.

సెలైన్‌తో బిడ్డ కోలుకున్నాడు గానీ, ఎవరిచ్చినా నీళ్ళు తాగుతూ, అమ్మమ్మ చేతి గిన్నెకు మాత్రం మొహం తిప్పుకునేవాడు. వాడు మళ్ళీ తన చేతి నీళ్ళు తాగుతాడో లేదోనన్న బెంగ ముసలామెను తినేసింది. నకిబూలె గారు ఆ ఇంటికి నడిచి వెళ్ళి, గుమ్మంలో ఆమె ఎదుట మోకరిల్లారు. “తప్పు నాది, జజ్జా. వాడితో నువ్వెలా ఉంటావో ముందు నాకు చూపించు.”

“లే, లే. కోటు మట్టి చేసుకుంటే నేనా ఉతికేది?”

అలా వారం వారం వెళ్ళి, నోరు మెదపకుండా చూశారు. నాలుగో వారం జజ్జా గిన్నె చాపి, “నీళ్ళు,” అంది. లుబేగా గిన్నెను తోసేసి, స్పష్టంగా, “వద్దు,” అన్నాడు.

“మాటొచ్చింది!” అని చప్పట్లు కొట్టిన ముసలామె, మరుక్షణమే కొంగుతో మొహం కప్పుకుంది. “మొదటి మాట. అదీ నా చేతి నీళ్ళకే.”

నాలుక చివర సలహా సిద్ధంగా ఉన్నా మింగేసి, “నీకేం చెయ్యాలనిపిస్తోంది, జజ్జా?” అని మాత్రమే అడిగారు నకిబూలె గారు.

“సరే నాన్నా, వద్దులే,” అంటూ గిన్నె చాప మీద పెట్టి, అటు తిరిగి మటోకె అరటికాయల చెక్కు తీయసాగింది జజ్జా. నకిబూలె గారూ అటే తిరిగి కూర్చున్నారు. కాసేపటికి వెనక గుటకల చప్పుడు వినిపించింది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరగలేదు.

ఆనాటి నుండి, వాళ్ళు తమ చేతులతో చేసి చూపనిదే, ఒట్టి “అలాగే” అన్న ఏ అమ్మనూ, ఏ అమ్మమ్మనూ ఆమె గడప దాటనివ్వలేదు. అరవయ్యో ఏట విశ్రాంతి స్వీకరిస్తున్న నకిబూలె గారు ఆయురారోగ్యాలతో, మనుమల సందడితో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన ఆకాంక్షిస్తున్నాం. లుబేగా విషయంలో పడిన ఆ సిగ్గు కూడా ఆమెను వీడిపోవాలని కోరబోతే, “అదొక్కటీ నాకు ఉంచండి,” అన్నారు. ఉంచాం.