బ్యాంకు వరసలో బాజీ డబ్బా

ఆ పేపరు అలా చింపకే బ్లెస్సీ, అరలో పరచడానికి ఇంకోటి తీసుకో. ఇందులో చూడు, గళ్ళు కట్టి మరీ పేర్లు వేశారు, ఫలానా వాళ్ళ ఇల్లు బ్యాంకు స్వాధీనం, ఫలానా వాళ్ళ షెడ్డు బ్యాంకు స్వాధీనం అని. ఇలాంటి గడిలోనే మా బాజీ అన్నయ్య పేరు పడింది ఒకప్పుడు. నీకు తెలీదులే, నువ్వప్పటికి పాలు తాగే పిల్లవి. చల్లపల్లిలో మనింటి ఎదురు పిండిమర ఆయనదే. ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. కనుబొమల నిండా పిండి, మీసం నిండా పిండి, వయసెంతో చెప్పలేకపోయేవాళ్ళం. పండగకి శుభ్రంగా స్నానం చేసొస్తే ఎవరో కొత్త కుర్రాడనుకుని పక్కింటి సువార్తమ్మ పలకరించకుండా వెళ్ళిపోయింది ఒకసారి. ఏం చెబుతున్నాను? ఆఁ, మర. ఆ మర దగ్గర మనుషులు నిలబడరు. డబ్బా మీద పేరూ, లోపలి సరుకూ బలపంతో రాసి వరసలో పెట్టి ఇంటికెళ్ళిపోవడమే. ‘శౌరమ్మ - మినుములు’ అని నాది. పొయ్యి మీద కూర అయ్యేసరికి వంతు వస్తుంది. ఎవరి డబ్బానీ ఎవరూ ముందుకి జరపరు. జరిపితే ఆ మహానుభావుడు మర ఆపేసి కూర్చునేవాడు, చివరికి జరిపినావిడే వచ్చి వెనక్కి పెట్టుకోవాలి.

రెండు వేల అయిదులో అనుకుంటా, కారం పట్టే మర కొనడానికి అప్పు తీశాడు, పాత మర, షెడ్డు తాకట్టు పెట్టి. కొన్నాళ్ళు బానే కట్టాడు. తర్వాత బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. పట్టుకుని మనింటికొచ్చాడు. “చెల్లెమ్మా, చదువుకున్నదానివి, నువ్వు చూడు” అన్నాడు. నేను నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, అవీ తెలుగువి. ఆ కాగితమేమో అంతా ఇంగ్లీషు. ఇద్దరం అటూ ఇటూ తిప్పి చూశాం. అరవై అన్న అంకె మాత్రం నాకు అర్థమైంది. “అరవయ్యేమిటన్నయ్యా?” అంటే, “నా వయసేమో, రాయించుకున్నారుగా” అన్నాడు. మర్నాడు బస్సెక్కి విజయవాడ వెళ్ళాం, బెంజ్ సర్కిల్ దగ్గర కృపానందం గారని ప్లీడరు. ఆయన చదివి, “వయసు కాదండీ బాజీ గారూ, గడువు. అరవై రోజుల్లో మొత్తం కట్టకపోతే మరకి తాళం వేస్తారు” అన్నారు. “మూడు వాయిదాలు రాలేదని రాశారు” అంటే, అన్నయ్య “రెండు కట్టానండీ, రసీదులున్నాయి, మోటారు కాలినప్పుడు ఒక్కటే ఆగింది” అని జేబులోంచి తీశాడు, అవీ పిండిలో ముంచి తీసినట్టే ఉన్నాయి. ప్లీడరు గారికి తుమ్ములొచ్చాయి పాపం. తుమ్ముతూనే చెప్పారు. “ఇదే మాట అభ్యంతరంగా రాసి మేనేజరుకివ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోమో వారంలోగా వాళ్ళు రాసివ్వాలి. జవాబివ్వకుండా తాళం వేశారా, విశాఖపట్నంలో బ్యాంకు అప్పుల తగాదాలు చూసే ట్రిబ్యునల్ ఉంది, నలభై అయిదు రోజుల్లోపు అక్కడ అడుగుదాం. ఇచ్చినట్టు రుజువు మాత్రం ఉండాలి సుమండీ.” నాకైతే ఎంత ఆశ్చర్యమనిపించిందో. అంత పెద్ద బ్యాంకు మనకి జవాబు చెప్పాలట!

ఉత్తరం నేనే రాశాను, రెండు రోజులు పట్టింది. ఇక ఆయన చేసిన పని చూడు. బ్యాంకుకెళితే లైను గుమ్మం దాకా ఉందట. మనవాడికి తెలిసిన లైను ఒకటేగా! ఇంటికొచ్చి చిన్న డబ్బా తీసి, అందులో ఉత్తరం పెట్టాడు. జైతూన్ బీ వదినేమో, “వట్టి డబ్బా పంపిస్తే ఏం బావుంటుంది” అని అరకిలో జొన్నపిండి పొట్లం కూడా పెట్టింది. పైన పేరూ సరుకూ రాయమన్నారు. నేను ‘బాజీ - అభ్యంతరం’ అని రాశాను. మరి అదేగా లోపలుంది! తీసుకెళ్ళి లైను చివర నేల మీద పెట్టి మర దగ్గరికొచ్చేశాడు. లైను కదిలింది, డబ్బా కదల్లేదు. ఎవరిదంటే ఎవరిదీ కాదు. పైన ఆ రాతొకటి. ఎవరో “బాంబు” అన్నారు. ఇంకేముంది, మేనేజరు గారు చెప్పులు లోపలే వదిలేసి రోడ్డు మీదకొచ్చారట! పోలీసులొచ్చి తాడు కట్టారు, బస్సులాపారు, విజయవాడ నుంచి కుక్కని పంపమని ఫోన్లు. అంతలో మా అన్నయ్య భుజాన తువ్వాలేసుకుని తాడు కింద నుంచి దూరి, “నా వంతు వచ్చిందాండీ?” అంటూ వెళ్ళి మూత తీసేశాడు. ఎస్సై గారు నవ్వలేక, కోప్పడలేక, సరే జరిగింది జరిగినట్టు రాద్దామని పంచనామా రాశారు. డబ్బా ఒకటి, బ్యాంకు వారికి అభ్యంతర పత్రం ఒకటి, జొన్నపిండి అరకిలో. సాక్షిగా మేనేజరు గారి చేతే సంతకం పెట్టించారు. ఆ పెద్దమనిషి మన ఉత్తరం లాక్కుని, “నువ్వూ నీ డబ్బా! ఫో!” అన్నాట్ట.

జవాబు రాలేదు. అరవై రోజులూ అయిపోయాయి. వచ్చి తాళం వేశారు, తలుపుకి కాగితం అంటించారు, పేపర్లో వేశారు. అన్నయ్య పొద్దున్నే తువ్వాలేసుకుని వచ్చి, తాళం ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. ముఖం శుభ్రంగా ఉండేది. చూడలేకపోయేదాన్ని. ప్లీడరు గారు మాత్రం నలభై అయిదు రోజులు దాటకుండా విశాఖపట్నంలో కేసు వేశారు. అక్కడ బ్యాంకు ప్లీడరు, “మాకు అభ్యంతరమేదీ అందలేదండీ” అన్నాట్ట. మన కృపానందం గారు స్టేషను నుంచి తెచ్చిన పంచనామా నకలు చల్లగా అందించారు, మేనేజరు గారి సంతకంతో సహా. అక్కడ తీర్పు చెప్పే ఆఫీసరు గారు చదివి, చదివి, “ఈ జొన్నపిండి కూడా అభ్యంతరమేనా?” అన్నారట. “కాదండీ, అది మర్యాద” అన్నాట్ట మా అన్నయ్య. అందరూ ఒకటే నవ్వు. అప్పు పోయిందనలేదులే ఆయనేమీ. తాళం తీసి మర అప్పగించండి, అభ్యంతరం చదివి జవాబివ్వండి, ఆ తర్వాతే చట్టప్రకారం ఏదైనా అన్నారు. చదివితే ఏముంది, ఆ రెండు వాయిదాలూ ఊళ్ళోనే ఇంకో బాజీ ఖాతాలో పడ్డాయి. ఆయనేమో ఎక్కడివో ఏమిటో అనుకుంటూ మేకని కొనేసుకున్నాడు. ఆ మేక గొడవ వేరే కథ.

తాళం తీసిన రోజు వీధి వీధంతా డబ్బాలతో వచ్చాం. ఆయన లోపలికెళ్ళాడు, ఎంతకీ రాడు. మర చప్పుడు మాత్రం వస్తోంది. ఏడుస్తున్నాడేమో చూడమంది వదిన. వెళ్ళి చూస్తే, పైన గరాటులో గింజ లేదు. వట్టి మర తిప్పుతూ, దానికి చెవి ఆనించి నిలబడ్డాడు. “అదేంటన్నయ్యా, వట్టిగా తిప్పితే రాళ్ళు అరిగిపోవూ?” అన్నాను. “అరగనీ చెల్లెమ్మా,” అన్నాడు, “నా రాళ్ళేగా.”

...ఇంకేమిటే అలా చూస్తావ్. పేపరు పరిచావా లేదా? ఆ గిన్నెలు ఇటివ్వు.