వేమూరు దాటాక

2009 సెప్టెంబరు, పట్టపగలు. కొల్లూరు నుంచి తెనాలి ఆసుపత్రికి పోతున్న ఆటో. నడిపేది ఫిరోజ్. వెనక అతని భార్య నాజ్నీన్, ఆమెని పొదివి పట్టుకుని ఊరి నర్సు తులసి.

“...అద్దంలో చూడకు ఫిరోజ్, రోడ్డు చూడు. నేను పట్టుకునే ఉన్నా.”

“అంబులెన్సు కోసం ఆగితే బాగుండేదేమో అక్కా?”

“అది రేపల్లెలో ఉంది. వచ్చేసరికి గంట. అంతసేపు... సరే, ఆయాసం ఎప్పట్నుంచి?”

“పొద్దున్నుంచేనండి.”

“పొద్దున్నుంచేనా?”

“పొద్దున్నుంచే.”

“పెదాలు నీలంగా ఉన్నాయి. గోళ్లు కూడా. ఒక్క పూటలో ఇట్టా అవదు.”

“...నిన్న మధ్యాహ్నం నుంచక్కా.”

“దగ్గితే నెత్తురు పడిందా?”

“నెత్తురు కాదు. ఎర్రగా నురగ. కిళ్లీ వేసుకుందేమో అనుకున్నా.”

“అంత జ్వరంలో కిళ్లీనా? మంగళవారం ఇంటికొచ్చి మరీ చెప్పా కదయ్యా, రొప్పు వస్తే వెంటనే ఫోన్ చెయ్యమని!”

“భయమేసిందక్కా. స్వైన్ ఫ్లూ అని తేలితే గుంటూరు తీసుకుపోయి గదిలో పెడతారంట, మనిషిని చూడనివ్వరంట. నన్ను పంపొద్దని ఏడ్చింది. నేనూ... మా అమ్మకి డెబ్బై ఏళ్లు. అదే జ్వరం. మూడ్రోజుల్లో లేచి తిరుగుతోంది. ఇది లంక తోటల్లో అరటి గెలలు రెండేసి మోసే మనిషి, దీనికేమవుద్దిలే అనుకున్నా.”

“వయసులో ఉన్నోళ్లనే పడేస్తోంది ఇది.”

“మాట్లాడించండక్కా. పేరు పెట్టి పిలవండి.”

“నాజ్నీన్! ఇటు చూడమ్మా. నేనెవర్ని?”

“అమ్మీ...”

“అమ్మీ అంటోందేంటి? వాళ్లమ్మ పోయి ఆరేళ్లయింది. అక్కా, మిమ్మల్ని పట్టుకుని అమ్మీ అంటోందేంటండి?”

“వేమూరు దాటామా?”

“దాటేశాం. ఇంకో పావుగంట. ఆక్సిజన్ పెడితే తేరుకుంటది కదా?”

“పెడతారు.”

“తేరుకుంటది కదా అంటున్నా.”

“పెడతారయ్యా.”

“అదిగో, రొప్పు తగ్గింది! ఇందాకటి చప్పుడు లేదు చూడండి. నిద్రపట్టినట్టుంది కదక్కా? పాపం, రెండ్రోజులుగా కన్ను మూస్తే ఒట్టు.”

“ఆటో పక్కకి ఆపు తమ్ముడూ.”

“ఆపడమేంటి? ఇంకెంత దూరమని...”

“అది నిద్ర కాదు. ఊపిరి నిమిషానికొకటి వస్తోంది. అది కూడా ఆగేలోపు నువ్వొచ్చి చెయ్యి పట్టుకో.”